అప్పగింతల పాట కోసం: 1993 నాటి మూడు పెళ్లి క్యాసెట్ల కేస్ స్టడీ

2024 ఆగస్టులో అమలాపురం దగ్గరి ఒక ఊరి నుంచి ఒకాయన అట్టపెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని పాత క్యాసెట్లని డిజిటల్ ఫైళ్లుగా మార్చే రాజమండ్రిలోని మా ల్యాబ్‌కి వచ్చారు. అవి వాళ్ల అక్క పెళ్లి వీడియోలు, 1993 మే నాటివి. ఆ అక్క ఇప్పుడు డాలస్‌లో ఉంటారు. "డీవీడీ ఉందండీ. కానీ అక్కకి అది వద్దంట. అప్పగింతలప్పుడు మా అమ్మమ్మ పాట పాడింది. అది అందులో లేదంట. ఆ పాట కావాలండీ" అన్నారు.

క్లారిటీ పెంచమని అడిగేవాళ్లు నెలకి పదిమంది వస్తారు. గొంతు కావాలని వచ్చేవాళ్లు తక్కువ. ఆ మాట వినగానే, నేను వెతకాల్సింది పెళ్లిరోజు కెమెరాలో తిరిగిన ఒరిజినల్ క్యాసెట్ల కోసమని అర్థమైంది. అవి లేకపోతే ఈ పని మొదలుపెట్టి లాభం లేదు. ఎందుకో చెప్పాలంటే ఆ రోజుల్లో మేం పని ఎలా చేసేవాళ్లమో చెప్పాలి.

1990ల్లో మా గోదావరి జిల్లాల్లో పెళ్లి వీడియో అంటే భుజం మీద పెద్ద వీహెచ్ఎస్ కెమెరా, పక్కన సన్‌గన్ లైటు పట్టుకున్న కుర్రాడు, వెనకాల వైరు మోసేవాడు. పెళ్లంతా రెండు మూడు క్యాసెట్లలో తీసేవాళ్లం. వాటిని మిక్సింగ్‌కి ఇస్తే రెండు వీసీఆర్‌లు, ఒక మిక్సర్ పెట్టి, టైటిల్స్ వేసి, పూల మధ్య పెళ్లికూతురి మొహం తిప్పి, మూడు గంటల ఆల్బమ్ క్యాసెట్ తయారుచేసేవాళ్లు. పెళ్లిలో అసలు వినపడిన శబ్దం అందులో చాలా తక్కువ. తలంబ్రాలకి ఒక సినిమా పాట, భోజనాలకి ఇంకొకటి, అప్పగింతలకి తప్పకుండా ఒక ఏడుపు పాట. అందరూ అదే కోరుకునేవారు. నేనూ 1995 నుంచి పదేళ్లపాటు అలాగే చేశాను. మంత్రాలు కొంచెం, మేళం కొంచెం ఉంచి, మిగతా గొంతులన్నింటి మీదా పాట ఎక్కించేశాం. ఇప్పుడు ఆ ఇళ్లవాళ్లు వెతుక్కుంటున్నది ఆ గొంతుల్నే. ఈ సంగతి తలుచుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. ఇలాంటి కేసు వస్తే ఎన్ని రోజులైనా పట్టుకుని కూర్చోవడానికి కారణం అదే.

పెట్టెలో ఏమున్నాయి

పైన డీవీడీ, 2008లో చేయించినది. దాని కింద రెండు వీసీడీలు, 2001 నాటివి. ఆ కింద ఆల్బమ్ క్యాసెట్. అడుగున పాలిథిన్ కవర్లో చుట్టిన మూడు క్యాసెట్లు. ఒక్కోదాని మీద నీలం ఇంకుతో "పెళ్లికూతురు – 1", "ముహూర్తం – 2", "అప్పగింతలు – 3" అని రాసి ఉంది. ఒరిజినల్స్ అవే. ఇన్నాళ్లూ అటక మీద ఉన్నాయట. చాలా ఇళ్లలో ఆల్బమ్ చేతికి రాగానే వీటిని మళ్లీ రికార్డింగ్‌కి వాడేసేవారు, లేదంటే వీడియోగ్రాఫరే ఇంకో పెళ్లికి తిప్పేసేవాడు. ఇక్కడ ఎవరో ముందుచూపుతో మూడింటికీ వెనకవైపు ట్యాబ్ విరిచేశారు. ఆ ట్యాబ్ లేకపోతే వీసీఆర్ ఆ క్యాసెట్ మీద రికార్డ్ చేయదు.

ముందు డీవీడీని కంప్యూటర్‌లో వేసి చూశాను. డీవీడీ అంటే ఎంపెగ్-2 కంప్రెషన్, మన టీవీల పాల్ పద్ధతిలో 720×576 చుక్కల బొమ్మ. లెక్క ప్రకారం వీహెచ్ఎస్‌లో ఉన్నదంతా అందులో పట్టాలి. కానీ బొమ్మ మసకగా, చదరాలు చదరాలుగా ఉంది. ఎవరైనా కదిలితే చుట్టూ గళ్లు కదులుతున్నాయి. 58వ నిమిషం దగ్గర రెండు సెకన్లు నల్లగా అయి మళ్లీ మొదలైంది. మొదటి వీసీడీ తీసి చూస్తే సరిగ్గా అదే షాట్ దగ్గర అయిపోయింది. అంటే డీవీడీని క్యాసెట్ నుంచి చేయలేదు, వీసీడీల నుంచి చేశారు.

వీసీడీ 1993లో వచ్చిన ఫార్మాట్. ఎంపెగ్-1 కంప్రెషన్, పాల్‌లో 352×288 బొమ్మ, సెకనుకు 1,150 కిలోబిట్ల వీడియో. సీడీ మీద 74 నిమిషాలు పట్టించాలంటే అంతకంటే ఇవ్వలేరు. టీవీ బొమ్మలో సెకనుకు 50 ఫీల్డులు ఉంటాయి. ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. వీసీడీ వాటిలో సగం పారేసి 25 ఫ్రేములే ఉంచుతుంది. అందుకే వీసీడీలో కోలాటం చూస్తే చేతులు ఎగిరెగిరి పడతాయి. ఆ సగాన్ని 720×576కి సాగదీసి డీవీడీ మీద రాసినంత మాత్రాన పోయింది తిరిగి రాదు. పదిహేనేళ్లుగా ఈ ఇంట్లోవాళ్లు "డీవీడీ చేయించాం, భద్రంగా ఉంది" అనుకుంటున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. కొత్త డిస్కు అంటే మంచి కాపీ అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆల్బమ్ క్యాసెట్ వీసీడీకంటే మెరుగే. కానీ అది రెండో తరం కాపీ. వీహెచ్ఎస్‌ను వీహెచ్ఎస్‌లోకి కాపీ చేసిన ప్రతిసారీ రంగు బొమ్మ అంచు మీద నిలవకుండా కొంచెం కిందికి జారుతుంది. పెళ్లికూతురి ఎర్రంచు చీర ఎరుపు, చీర దాటి చాప మీదికి కారినట్టు కనపడుతుంది. శబ్దం సంగతి ముందే చెప్పాను. అప్పగింతల దగ్గర ఆరు నిమిషాలు సినిమా పాటే. అమ్మమ్మ నోరు కదులుతోంది, వినపడేది వేరే గొంతు.

ఆ మూడింటినీ పక్కన పెట్టి, 2వ నంబర్ క్యాసెట్ కిటికీలోంచి లైటు వేసి చూశాను. ఆరోగ్యంగా ఉన్న టేపు చుట్ట పైనుంచి చూస్తే నల్లగా, నున్నగా, ఒకే మెరుపుతో ఉంటుంది. దీంట్లో బయటి చుట్ల మీద తెల్లటి పొడి వలయంలా పట్టుకుని ఉంది. అక్కడక్కడ దూదిపింజల్లాంటి మచ్చలు. మూత ఎత్తితే తడిసిన గోనెసంచి వాసన. ఫంగస్. కోనసీమ గాలిలో ఉండే తేమకి, అటక మీద ఎండాకాలం వేడికి, ఇది రాకపోతేనే ఆశ్చర్యం. ఆయన్ని ఒక్కటే అడిగాను: "ఈ మధ్య ఎవరైనా వీసీఆర్‌లో పెట్టి చూశారా అండీ?" "లేదండీ, వీసీఆర్ ఇప్పుడు ఎక్కడుందండీ" అన్నారు. అదే ఈ కేసుకి పెద్ద అదృష్టం. ఫంగస్ పట్టిన క్యాసెట్‌ని ఒక్కసారి తిప్పితే చుట్లు ఒకదానికొకటి అతుక్కుని టేపు చిరిగిపోవచ్చు. హెడ్డు మూసుకుపోతుంది. ఆ పొడి తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ అంటుతుంది.

అంచు మీద ఒక మిల్లీమీటరు

వీహెచ్ఎస్‌ని జేవీసీ 1976లో తెచ్చింది. టేపు వెడల్పు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. లోపల 62 మిల్లీమీటర్ల డ్రమ్ వాలుగా కూర్చుని, పాల్‌లో నిమిషానికి 1,500 సార్లు తిరుగుతుంది. దాని మీద ఎదురెదురుగా ఉన్న రెండు హెడ్లు టేపు మీద ఏటవాలుగా గీతలు గీస్తూ పోతాయి. ఒక్కో గీత ఒక ఫీల్డు, వెడల్పు 49 మైక్రాన్లు. బొమ్మంతా టేపు మధ్యలో ఈ ఏటవాలు గీతల్లో ఉంటుంది.

శబ్దం అక్కడ ఉండదు. పై అంచున ఒక మిల్లీమీటరు పట్టీలో టేపు పొడవునా, ఆడియో క్యాసెట్‌లో లాగే సాగుతుంది. కింది అంచున ఇంకో సన్నని పట్టీలో కంట్రోల్ ట్రాక్. డ్రమ్ ఏ క్షణాన ఎక్కడ ఉండాలో వీసీఆర్‌కి చెప్పే గుర్తులవి. తర్వాత వచ్చిన హై-ఫై మెషీన్లు శబ్దాన్ని కూడా డ్రమ్ హెడ్లతోనే రాశాయి. కానీ ఈ పెళ్లి తీసిన కెమెరా హై-ఫై కాదు.

ఫంగస్ చుట్ట పక్కల నుంచి, అంటే టేపు అంచుల నుంచి లోపలికి పాకుతుంది. కాబట్టి మొదట దెబ్బతినేవి ఈ రెండు అంచులే. బొమ్మ కోసం వచ్చినవాళ్లకి నేను ధైర్యం చెప్పగలను, మధ్యభాగం సాధారణంగా బాగానే ఉంటుంది. ఈ కేసులో మాకు కావాల్సింది ఆ పై అంచు మిల్లీమీటరే. పైగా 2వ క్యాసెట్‌ని ఎవరూ వెనక్కి తిప్పలేదు. చివరిదాకా ఆడి, అలాగే తీసి పెట్టేశారు. దాంతో క్యాసెట్ చివరి భాగమంతా బయటి చుట్లలో ఉండిపోయింది, తెల్ల వలయం ఉన్నచోటే.

శుభ్రం చేయడం

తడిగా ఉన్న ఫంగస్‌ని తుడిస్తే మెత్తగా పూసినట్టు టేపంతా అంటుతుంది. ఎండితే పొడిలా రాలుతుంది. కాబట్టి ముందు ఆరబెట్టాలి. ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రైయర్ అస్సలు పట్టకూడదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు, తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి, మూడు క్యాసెట్లూ అందులో ఉంచాను. మొదటి రోజు మీటరు 71 శాతం చూపించింది. సిలికా జెల్ మూడుసార్లు మార్చాక 35 దగ్గర నిలబడింది. అందుకు తొమ్మిది రోజులు పట్టింది. పెట్టె తెచ్చిన తమ్ముడు రోజు విడిచి రోజు ఫోన్ చేసేవారు. ఇంకా మెషీన్‌లో పెట్టనే లేదని చెప్పడానికి నాకూ టెన్షన్‌గానే ఉండేది. కానీ ఈ దశలో తొందరపడితే ఆ పాట శాశ్వతంగా పోతుంది.

ఆరాక పని వరండాలో పెట్టుకున్నాను. ఎన్95 మాస్కు, చేతులకి గ్లౌజులు. ఫంగస్ పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఇది ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. క్యాసెట్ అడుగున ఐదు స్క్రూలు ఉంటాయి. విప్పి, రెండు చుట్టలూ ఎత్తి, శుభ్రమైన వేరే క్యాసెట్ డొల్లలోకి మార్చాను. పాత డొల్లలో స్ప్రింగులు, రోలర్ల సందుల్లో కూడా పొడి ఉంటుంది, దాన్ని మళ్లీ వాడకూడదు. లేబుల్ మటుకు జాగ్రత్తగా ఊడదీసి దాచాను. ఆ చేతిరాత వాళ్ల నాన్నగారిదని తర్వాత తెలిసింది.

తర్వాత రివైండర్. వీడియో లైబ్రరీల్లో క్యాసెట్లు తిప్పడానికే వాడిన బొమ్మ కారులాంటి మెషీన్ గుర్తుందా? దాంట్లో హెడ్డు ఉండదు, అందుకే ఈ పనికి బంగారం. టేపు వెళ్లే దారిలో రెండువైపులా నూగు రాలని గుడ్డ అమర్చాను. వేగం తగ్గించడానికి మోటారుకి వోల్టేజీ తగ్గించే సర్క్యూట్ కలుపుకున్నాను. ఈ-180 క్యాసెట్‌లో సుమారు 258 మీటర్ల టేపు ఉంటుంది. అటు ఒకసారి, ఇటు ఒకసారి, ప్రతి ఐదు నిమిషాలకీ గుడ్డ మార్చుతూ తిప్పాను. 2వ క్యాసెట్ మొదటి గుడ్డ తెల్లగా, సున్నం రాసినట్టు వచ్చింది. నాలుగోసారికి గుడ్డ మీద లేత గోధుమరంగు గీత మాత్రమే మిగిలింది. అక్కడితో ఆపాను. ఇంకా తుడిస్తే టేపు మీది అయస్కాంత పూతే లేస్తుంది.

మెషీన్, నేను చేసిన తప్పు

వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు మనకి దొరికేవన్నీ పాత మెషీన్లే. రబ్బరు రోలర్లు గట్టిపడతాయి, బెల్టులు సాగుతాయి, కెపాసిటర్లు ఉబ్బుతాయి. నా దగ్గరున్న ఎస్-వీహెచ్ఎస్ డెక్ (వీహెచ్ఎస్‌కి మెరుగైన రకం వీసీఆర్) ఒకదాన్ని రెండు చచ్చిన డెక్‌ల సామానుతో బతికించుకుంటూ వస్తున్నాను. యునెస్కో 2019లో మాగ్నెటిక్ టేప్ అలర్ట్ అని ప్రపంచాన్ని హెచ్చరించింది కూడా ఇందుకే. టేపు బాగున్నా ఆడించే మెషీన్ ఉండదని.

మొదట 1వ క్యాసెట్‌తో పరీక్ష చేశాను. ఇక్కడ తప్పు నాదే. డెక్ నుంచి నేరుగా ఒక చిన్న యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంలోకి ఇచ్చాను, మధ్యలో ఏమీ పెట్టలేదు. బొమ్మ బాగానే వచ్చింది. గంట దాటాక చూస్తే పురోహితుడి పెదవులకీ మాటకీ తేడా వచ్చేసింది. పాల్‌లో గంటకి సరిగ్గా 90,000 ఫ్రేములు ఉండాలి. లెక్కపెడితే 89,953 ఉన్నాయి. కంట్రోల్ ట్రాక్ దెబ్బతిన్నచోట సిగ్నల్ తడబడ్డ ప్రతిసారీ ఆ పరికరం చప్పుడు చేయకుండా ఫ్రేము వదిలేసింది. 47 ఫ్రేములంటే దాదాపు 1.9 సెకన్లు. సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్ని జరిపి సరిచేయొచ్చు, చాలామంది అలాగే చేసి ఇచ్చేస్తారు. కానీ ఫ్రేములు పోయిన ఫైల్ మాస్టర్ ఎలా అవుతుంది? అది డిలీట్ చేసి మళ్లీ మొదలుపెట్టాను.

రెండోసారి డెక్‌లోని టీబీసీ (టైమ్ బేస్ కరెక్టర్) ఆన్ చేసి, బయట ఫ్రేములు సమయానికి వచ్చేలా చూసే ఒక ఫ్రేమ్ సింక్రనైజర్ కూడా పెట్టాను. టీబీసీ ఏం చేస్తుందో చూడాలంటే మండపం కట్టిన అరటి బోదెల్ని చూడండి. అది లేకుండా తీసిన బొమ్మలో ఆ బోదెలు నీళ్లలో నీడలా వణుకుతాయి. పాత టేపు మీద ప్రతి గీతా కొంచెం ముందో వెనకో మొదలవుతుంది కాబట్టి. టీబీసీ ప్రతి గీతనీ పట్టుకుని సరైన సమయానికి వదులుతుంది. బోదెలు నిటారుగా నిలబడతాయి. కేబుల్ విషయంలోనూ పసుపు పిన్ను బదులు ఎస్-వీడియో వాడాను. వెలుగు, రంగు వేరువేరు తీగల్లో రావడంతో చీర జరీ మీద కదిలే చుక్కలు తగ్గాయి. ఈసారి 90,000కి 90,000 వచ్చాయి.

గొంతు పట్టుకోవడం

2వ క్యాసెట్‌కి వచ్చేసరికి బొమ్మ నేను అనుకున్నదానికంటే బాగుంది. శబ్దం మాత్రం గోడ అవతలి నుంచి వస్తున్నట్టు ఉంది. పాల్ వీహెచ్ఎస్‌లో టేపు నడిచే వేగం సెకనుకు 2.339 సెంటీమీటర్లు. మామూలు ఆడియో క్యాసెట్ వేగం 4.76. అంటే అందులో సగం కూడా లేదు. మంచి స్థితిలో ఉన్నా సన్నని శబ్దాలు అంతంతమాత్రమే. అలాంటిది ఇంత బొంగురుగా ఉందంటే ఫంగస్ ఒక్కటే కారణం కాదనిపించింది.

అనుమానం అజిమత్ మీదికి వెళ్లింది. ఆడియో హెడ్డులో ఉండే సన్నని చీలిక టేపు నడకకి సరిగ్గా అడ్డంగా నిలబడాలి. 1993లో ఆ కెమెరాలో అది వెంట్రుకవాసి వాలి ఉంటే, టేపు మీద శబ్దం కూడా వాలుగానే రికార్డయి ఉంటుంది. నా డెక్ హెడ్డు నిటారుగా ఉంది కాబట్టి సన్నని శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. డెక్ మూత తీసి, అజిమత్ స్క్రూ ఉన్న చోటుని తెల్ల రంగుతో గుర్తు పెట్టి, ముహూర్తం దగ్గర క్యాసెట్ ఆడిస్తూ చిన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా తిప్పాను. మీటర్లు చూడలేదు. చెవి పెట్టుకుని కూర్చున్నాను, పురోహితుడి మంత్రంలో "శ", "స" ఎప్పుడు విడివిడిగా వినపడతాయా అని. గడియారం ముల్లు ఒక నిమిషం జరిగినంత తిరిగింది, అంతే. డోలు వెనకాల తాళాల చప్పుడు ఒక్కసారిగా పైకి లేచింది. నాదస్వరం అంచు తెలిసింది. ఎవరో పక్కనే "అక్షింతలు ఇటు ఇవ్వండి" అంటున్నారు. మిక్సింగ్ ఆల్బమ్‌లో ఆ మాట ఎప్పుడూ లేదు.

అప్పగింతలు 3లో ఉంటాయని లేబుల్ చెబుతోంది కదా, ముందు అదే చూశాను. అది ఊరేగింపు కారు బయల్దేరడంతో మొదలైంది. పాట లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే 2వ క్యాసెట్ చివరి పది నిమిషాలు వేశాను. అరుగు మీద చాప. పెళ్లికూతురు తలవంచుకుని ఉంది. పక్కన తెల్లచీరలో పెద్దావిడ, చెయ్యి మనవరాలి వీపు మీద. పాడుతోంది. వెనకాల జనరేటర్ హోరు, ఒక పసిపిల్ల ఏడుపు. 1 నిమిషం 52 సెకన్లు. చరణం మధ్యలో బొమ్మ తెగి, టేపు చివర ఉండే పారదర్శకమైన పట్టీ వచ్చి డెక్ ఆగిపోయింది. క్యాసెట్ అయిపోయింది. కెమెరాలో 3వ క్యాసెట్ పెట్టేలోగా పాట కూడా అయిపోయి, అందరూ కారు దగ్గరికి వెళ్లిపోయారన్నమాట.

ఆ 112 సెకన్లని ఐదుసార్లు క్యాప్చర్ చేశాను, ప్రతిసారీ ట్రాకింగ్ (హెడ్లు గీతల మీద సరిగ్గా నడిచేలా చేసే సర్దుబాటు) కొంచెం మార్చి, మధ్యమధ్యలో హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన షామీ తోలుతో తుడిచి. దూది పుల్ల వాడకూడదు, నూగు డ్రమ్ హెడ్డుకి చిక్కుకుంటే హెడ్డే విరుగుతుంది. శబ్దం మూడుచోట్ల తెగుతోంది. ఒక తెగు రెండోసారి తీసినదాంట్లో బాగుంది, ఇంకొకటి నాలుగోసారి తీసినదాంట్లో. ఆ రెండూ అతికించాను, ఎక్కడ అతికించానో నోట్స్‌లో సమయంతో సహా రాశాను. మూడోచోట ఐదింటిలోనూ ఏమీ లేదు. అక్కడ పూతే లేచిపోయింది. ఒక మాటలో సగం పోయింది. పక్క అక్షరాన్ని సాగదీసి దాన్ని కప్పొచ్చు. కప్పలేదు. ఖాళీగానే ఉంచాను.

ఫైల్ ఎలా దాచాం

కంప్రెషన్ లేకుండా ఉంచితే 8 బిట్ 4:2:2 పాల్ వీడియో గంటకి దాదాపు 75 జీబీ అవుతుంది. నేను వాడేది ఎఫ్ఎఫ్‌వీ1 కోడెక్, అంటే వీడియోని కుదించి రాసే పద్ధతి, మాత్రోష్కా (.mkv) ఫైల్‌లో. ఇది లాస్‌లెస్. వివరం తగ్గించడం, రంగు తగ్గించడం ఏమీ ఉండదు. తెరిస్తే ప్రతి పిక్సెల్ యథాతథంగా వస్తుంది. అయినా సైజు సగానికి పైగా తగ్గుతుంది. ప్రతి ఫ్రేమునీ ముక్కలుగా చేసి ప్రతి ముక్కకీ సరిచూసుకునే సంఖ్య రాసుకుంటుంది కాబట్టి, రేపు హార్డ్ డిస్క్‌లో ఎక్కడైనా పాడైతే ఏ ఫ్రేము పాడైందో చెబుతుంది. ఎవరి సొంత ఆస్తీ కాదు, దాని నిర్మాణం మొత్తం 2021లో ఆర్ఎఫ్‌సీ 9043 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా అందరికీ తెరిచి ప్రచురించారు. ఇంకో ముప్పై ఏళ్లకి ఏ కంపెనీ ఉన్నా లేకపోయినా, అది చదివి ఎవరో ఒకరు ప్లేయర్ రాసుకోగలరు. మూడు క్యాసెట్లూ కలిపి 7 గంటల 10 నిమిషాలు, 212 జీబీ వచ్చింది. మాస్టర్‌లో 50 ఫీల్డులూ అలాగే ఉంచాను. ఫీల్డుల్ని కలపడం, జనరేటర్ హోరు తగ్గించడం వంటివి చూసుకునే కాపీలోనే చేశాను. అది హెచ్.264లో, సెకనుకు 50 పూర్తి ఫ్రేములతో, ఫోన్‌లో టీవీలో ఆడేలా.

ఆ అక్కగారి అబ్బాయి డాలస్ నుంచి ఏఐతో 4కే చేయమని అడిగాడు. ఒక్క ఫ్రేము చేసి చూపించాను. వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే వివరం దాదాపు 240 గీతలు. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ ఊహించి నింపాలి. అమ్మమ్మ ముక్కుపుడక చెరిగిపోయి, చర్మం ముప్పై ఏళ్ల అమ్మాయి చర్మంలా నున్నగా వచ్చింది. "ఇది మా తాతమ్మ కాదండీ" అని వాడే అన్నాడు. మళ్లీ అడగలేదు.

రెండు హార్డ్ డిస్క్‌లు ఇచ్చాను. ఒకటి ఇక్కడ తమ్ముడి దగ్గర, ఒకటి డాలస్‌లో. మూడో కాపీ క్లౌడ్‌లో వాళ్ల సొంత ఖాతాలోనే. ప్రతి ఫైల్‌కీ షా-256 సంఖ్య (ఫైల్‌లో ఏది మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) తీసి టెక్స్ట్ ఫైల్‌లోనూ, కాగితం మీదా ఇచ్చాను. ఏడాదికోసారి డిస్క్ పెట్టి ఆ సంఖ్య సరిపోతోందో లేదో చూడమని తమ్ముడికి రెండుసార్లు చేసి చూపించాను. పెన్‌డ్రైవ్‌లో దాచుకోవద్దని మరీ మరీ చెప్పాను. ఒరిజినల్ క్యాసెట్లు కూడా పారేయనివ్వలేదు. నిలువుగా నిలబెట్టి, సిలికా జెల్‌తో మూత బిగించిన డబ్బాలో, ఈసారి అటక మీద కాకుండా బీరువా కింది అరలో పెట్టమన్నాను. డ్రమ్ హెడ్డు నుంచి వచ్చే ముడి సిగ్నల్‌నే రికార్డ్ చేసి, మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌లో చేసే వీహెచ్ఎస్-డీకోడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఒకటి నడుస్తోంది. నా డెక్‌కి ఆ సిగ్నల్ బయటికి తెచ్చే తీగ ఇంకా కలపలేదు. కలిపిన రోజు ఆ బొమ్మలు ఇంకా మెరుగ్గా వస్తాయి, క్యాసెట్ ఉంటేనే.

పెట్టెలో ఇంకో చిన్న క్యాసెట్ కూడా ఉంది. 1997లో న్యూజెర్సీ నుంచి బంధువులు పంపిన వీడియో8. అది అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో ఉంది, మన పాల్ మెషీన్లో పెడితే బొమ్మ దొర్లుతుంది. అప్పట్లో పెట్టి చూసి "పాడైపోయింది" అని పక్కన పడేశారట. అది పాడవలేదు. ఎన్‌టీఎస్‌సీ ఆడే కెమెరాలో పెడితే హాయిగా ఆడింది, గంటన్నరలో పని అయిపోయింది.

అక్టోబరు మొదటివారంలో ఆ 1 నిమిషం 52 సెకన్ల ఫైల్ ముందుగా డాలస్ పంపాను. అరగంట తర్వాత ఆవిడ ఫోన్ చేశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అన్నయ్యగారూ, అమ్మమ్మ నా వీపు మీద తడుతుంటే గాజులు వినపడుతున్నాయండీ" అన్నారు. ఆ గాజులు అజిమత్ సరిచేయకముందు లేవు.

పాట సగంలో ఆగిపోయింది కదా, మిగతాది ఎవరికైనా వచ్చా అని వాళ్లింట్లో వెతికారు. అమ్మమ్మ చెల్లెలు, వాళ్ల చిన్నమ్మమ్మ, 84 ఏళ్లు, రావులపాలెంలో కొడుకు దగ్గర ఉన్నారు. తమ్ముడు వెళ్లి ఆ ఫైల్ వినిపిస్తే, చరణం తెగినచోట ఆగకుండా ఆవిడ తన గొంతుతో అందుకున్నారట. తర్వాత మొదటి నుంచి చివరిదాకా మళ్లీ పాడించి ఫోన్‌లో రికార్డ్ చేశారు. ఆ రికార్డింగ్‌ని 1993 వీడియో చివర అతికించి ఒకే పాటగా చేయమని నన్ను అడిగారు. అది చేయలేనని చెప్పాను. అదే ఫోల్డర్‌లో వేరే ఫైల్‌గా, "2024, చిన్నమ్మమ్మ పాడినది" అని పేరు పెట్టి ఉంచాను. దాని నిడివి 3 నిమిషాల 20 సెకన్లు. టేపు మీద పూత లేచి సగం పోయిన ఆ మాట, అందులో పూర్తిగా ఉంది.